నివురు చుక్క

మధ్యాహ్నం పూట చీకటి పడే ఇల్లు ఆ ఊళ్ళో ఒక్కటే ఉంది. బయట ఎండ నిప్పులు చెరుగుతూ ఉంటుంది. బస్సులు ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉంటాయి. మెట్లెక్కి నల్ల తెర తోసుకుని లోపలికి అడుగు పెడితే మాత్రం సందెవేళ. కాసేపటికి ఆ సందె కూడా పోతుంది. బోర్లించిన బాన లాంటి పైకప్పు మీద చుక్కలు ఒక్కటొక్కటే పొడుస్తాయి. జనం వాలుకుర్చీల్లో వెనక్కి వాలి నోళ్ళు తెరుస్తారు. బయట బోర్డు మీద నక్షత్రశాల అని రాసి ఉంది గానీ ఊళ్ళో ఎవరూ అలా అనరు. చుక్కలిల్లు అంటారు.

చుక్కలింటిని నడిపేది ఇద్దరు. గోడవార చిన్న దిమ్మ మీద నిలబడి కథ చెప్పే ఆవిడ ఒకరు. నడిమధ్య ఇనుప మిషను దగ్గర స్టూలు మీద కూర్చుని చుక్కల్ని తిప్పే ఆయన ఒకరు. ఇద్దరూ మొగుడూ పెళ్ళాలు. ఆవిడ చుక్కలమ్మ. ఆయన ఊఁ తాత.

ఆ పేరు ఆయనకి ఊరికే రాలేదు. ఆవిడ కథ చెబుతూ చెబుతూ ఒకచోట ఆగుతుంది. ఆయన చీకట్లో తడుముకుని పాత గాజు పలక తీసి కొత్తది పెడతాడు. దీపం మర తిప్పి వెలుగు సరిచేస్తాడు. అప్పుడు "ఊఁ" అంటాడు. ఆవిడ మళ్ళీ ఎత్తుకుంటుంది. కథ చెప్పేటప్పుడు ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి గదా, ఆ ముచ్చట కోసం పెట్టుకున్నారనుకుని జనం మురిసేవారు. ఆయన మటుకు మురిపానికి అనలేదు. పలక పెట్టాను, ఇక కానీ అని దాని అర్థం. బొమ్మ ముందూ మాట వెనకా కాకుండా ఇన్నేళ్ళూ ఆట నడిపింది ఆ ఒక్క ఊఁ.

ఇంట్లో కూడా అంతకు మించి మాట్లాడేవాడు కాదు. ఔనంటే ఊఁ. కాదంటే ఊహూఁ. పెళ్ళాన్ని పిలవాలంటే ఇదిగో. ఆ మూటితోనే కాపురం వెళ్ళదీశాడు. వయసులో ఉన్నప్పుడు పోతపోసే కార్ఖానాలో కొలిమి దగ్గర పని చేశాడు. అక్కడి మోతలో ఎవరేమన్నా వినబడదు. నోరు నొప్పి తప్ప లాభం లేదని మాట మానేశాడు. కార్ఖానా మూతపడి చుక్కలింటికి వచ్చాక మోత పోయింది గానీ మాట తిరిగి రాలేదు. అలాగని మొద్దు కాదు. పెళ్ళాం చెప్పిన ప్రతి మాటా వినేవాడు. విన్నదంతా లోపలికి పోయేది. బయటికి వచ్చే దారి మాత్రం తెలీదు.

ఆవిడ చెప్పే కథల్లో ఆయనకి ఒక్కటంటే ప్రాణం. తెల్ల మరుగుజ్జు చుక్క కథ. పుస్తకంలో దానికి నోరు తిరగని పేరేదో ఉంది. ఆవిడ నివురు చుక్క అని మార్చుకుంది. ఆవిడ ఆ మాట అన్నప్పుడల్లా ఆయనకి కొలిమి గుర్తొచ్చేది. పని అయిపోయాక బొగ్గుల మీద తెల్లటి నివురు పేరుకుంటుంది. ఆరిపోయిందనుకుంటాం. చెయ్యి పెడితే తెలుస్తుంది.

*

చుక్కలమ్మకి చెవులు మందగించాయి. మొదట చెంబు పడ్డ చప్పుడు తెలియలేదు. తర్వాత తలుపు కొట్టినా తెలియలేదు. ఊఁ తాత చెయ్యి పట్టుకుని చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ అద్దం లాంటిది పెట్టి చూసింది. గొంతు పెంచి చెప్పింది. "లోపలి నరం ఎండిపోతోందమ్మా. చెవి మిషను పెట్టుకుంటే చప్పుడు తెలుస్తుంది గానీ మాట తెలీదు. అది కూడా కొన్నాళ్ళే."

"కొన్నాళ్ళంటే?"

"ఇన్నాళ్ళని చెప్పలేం. వినాలనుకున్న గొంతులేమైనా ఉంటే ఇప్పుడే విని పెట్టుకోండి."

బయట బల్ల మీద కూర్చున్నాక చుక్కలమ్మ చాలాసేపు నడవలో పోయేవాళ్ళని చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"విన్నావా ఏమందో? పాటలవీ వినమంటుంది కాబోలు. నాకు పాటలొద్దయ్యా. నీ గొంతు కావాలి. అసలు ఉందో లేదో కూడా తెలీదు, అది వేరే సంగతి."

ఆయన తల వంచుకున్నాడు.

"పెళ్ళైన కాణ్ణించీ నేను చెప్తూనే ఉన్నాను, నువ్వు ఊఁ కొడుతూనే ఉన్నావు. ఒక్కసారి తిరగేద్దాం. ఇవి పూర్తిగా మూతపడేలోపు ఒక్క కథ నువ్వు చెప్పు. నేను ఊఁ కొడతాను. చెప్తావా?"

"ఊఁ."

"అదిగో, మళ్ళీ అదే," అని నవ్వింది. నవ్వుతూనే మొహం పక్కకి తిప్పుకుంది.

ఆ రోజు నుంచి ఊఁ తాతకి గుండెల మీద బండ పెట్టినట్టయింది. కథలకి కొదవ లేదు. ఆవిడ చెప్పినవన్నీ అక్షరం పొల్లు పోకుండా లోపలే ఉన్నాయి. కార్ఖానా కబుర్లు ఉన్నాయి. అడక్కుండా మింగేసినవి ఎన్నో ఉన్నాయి. ఏదో ఒకటి పైకి తెద్దామని చూస్తే అన్నీ ఒక్కసారే గుమ్మం దగ్గరికొచ్చి ఇరుక్కునేవి.

ఒక పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి ధైర్యం చేశాడు. ఆవిడ చెవి దగ్గరగా వంగి, "అనగనగా," అన్నాడు.

చుక్కలమ్మ చేతిలో కూరగాయల కత్తి పక్కన పెట్టేసింది. పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఊఁ," అంది.

అంత తయారుగా కూర్చునేసరికి ఆయనకి గాభరా పుట్టింది.

"అనగనగా ఒక..."

"ఊఁ."

"ఒక..."

"ఊఁ, ఒక?"

అప్పుడే పాలు పొంగాయి. గిన్నె అంచులు దాటి బుసబుసమంటూ పొయ్యి మీదికి కారాయి. మంట దానంతట అదే ఆరిపోయింది. ఆయన గబుక్కున లేచి గిన్నె దించాడు. గుడ్డ తీసుకుని తుడవటం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"అనగనగా ఒక పాలగిన్నె, అది పొంగింది," అంది చుక్కలమ్మ కత్తి మళ్ళీ చేతికి తీసుకుంటూ. "కథ బాగానే ఉంది గానీ మరీ పొట్టిది."

*

చుక్కలింట్లో ఆట తడబడటం మొదలైంది. ఆయన ఊఁ ఆవిడకి వినబడటంలేదు. చెవి మిషను పెట్టుకుంటే కుర్చీల కిర్రుకిర్రులూ ఫ్యాను రొదా కలిసి ఒకటే హోరు. తీసేస్తే ఏమీ లేదు. అందుకని ఆవిడ అటూ ఇటుగా అంచనా వేసుకుని చెప్పుకుపోయేది. పైకప్పు మీద సూర్యుడు పొడుస్తుంటే అస్తమించాడనేది. చందమామ ఇంకా రాకముందే సన్నగిల్లిపోయిందనేది. జనం కిసుక్కుమనేవారు. ఆవిడకి ఆ నవ్వు కూడా వినబడేది కాదు. అదే ఊఁ తాతకి ముల్లులా గుచ్చుకునేది.

మేనేజరమ్మ మంచిది. కూతురు వయసుది. ఇద్దర్నీ గదిలోకి పిలిచి కుర్చీలు వేయించింది. బల్ల మీద నల్లటి పెట్టె ఒకటి ఉంది. మీట నొక్కితే అందులోంచి నున్నటి గొంతు సూర్యుడి గురించి చెప్పుకుపోతోంది.

"తాతగారూ, మీ ఇద్దరి మీద గౌరవం లేక కాదు. వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ పోతున్నారు, అది నాకూ బాగాలేదు. ఇంకొక్కసారి ఆట చెడితే ఈ పెట్టె బిగించక తప్పదు. పని పోదు. అమ్మమ్మ తెర దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళని కూర్చోబెట్టొచ్చు."

బయటికి వచ్చాక చుక్కలమ్మ అడిగింది. "ఏమంది ఆ పిల్ల?"

ఊఁ తాత చేతులతో పెట్టె ఆకారం చూపించాడు. తర్వాత నోరు చూపించాడు.

ఆవిడకి అర్థమైంది. కాస్త దూరం నడిచాక, "దాని గొంతు బాగుందా?" అంది.

ఆయన ఔనన్నట్టు తలూపాడు. అబద్ధం ఆడటం చేతకాదు.

"నాకంటేనా?"

"ఊహూఁ." తల కూడా అడ్డంగా తిప్పాడు, ఆవిడకి కనిపించాలని.

దారం కట్టుకుందామన్న ఆలోచన చుక్కలమ్మదే. ఒక కొస ఆయన మణికట్టుకి, రెండో కొస తన వేలికి కట్టింది. పలక పెట్టగానే ఆయన లాగాలి. అదే ఊఁ. దారాన్ని కుర్చీల కిందుగా, మిషను కాళ్ళ పక్కగా తీసుకుపోయారు.

"గాలిపటం ఎగరేసినట్టుందయ్యా," అంది ఆవిడ వేలు ఆడించి చూసుకుంటూ. "ఇంతకీ గాలిపటం నువ్వా, నేనా?"

ఆయన దారం మెల్లగా ఒకసారి లాగాడు.

"ఔననా? దేనికి ఔను? రెంటిలో ఒకటి చెప్పాలి గదా," అని ఆవిడ ఒకటే నవ్వు.

దారంతో ఆట మళ్ళీ గాడిన పడింది. చీకట్లో ఆయన చెయ్యి కదిలితే అక్కడ ఆవిడ గొంతు కదిలేది. కొన్నాళ్ళు అలా కలలో నడిచినట్టు నడిచింది.

*

ఒక సెలవు రోజు మధ్యాహ్నం కుట్టుమిల్లు ఆడవాళ్ళు వచ్చారు. అందరూ ఒకే రంగు సంచులు వేసుకుని, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకుంటూ వాలుకుర్చీలు నింపేశారు. చీకటి పడగానే ఒకావిడ, "హమ్మయ్య, ఇంక నిద్రపోవచ్చు," అంది. "గురక పెట్టకు వదినా, చుక్కలు రాలతాయి," అంది ఇంకొకామె.

ఆ రోజు నివురు చుక్క కథ. మేనేజరమ్మ కూడా వచ్చి తెర పక్కన నిలబడింది.

పైకప్పు మీద ఎర్రటి పెద్ద చుక్క వెలిగింది. చుక్కలమ్మ ఎత్తుకుంది.

"అమ్మా, మన సూర్యుడి లాంటి చుక్కలు కలకాలం మండవు. వంటచెరకు అయిపోయే రోజు ఒకటి వస్తుంది. అప్పుడు ఒళ్ళంతా ఉబ్బిపోయి, ఎర్రబడి, పైపై పొరలన్నీ వదిలేసుకుంటుంది. అవి పొగలాగా తేలిపోతాయి."

దారం కదిలింది. ఎర్ర చుక్క చెదిరి, నీలం ఆకుపచ్చ కలిసిన పొగ ఒకటి పైకప్పంతా పరుచుకుంది. కుర్చీల్లో మాటలు ఆగిపోయాయి.

"చివరికి నడిమధ్య గుండెకాయ ఒక్కటీ మిగుల్తుంది. అదే నివురు చుక్క. సైజు చూస్తే మన భూమంత. బరువు చూస్తే సూర్యుడంత. అంతా కుక్కి కుక్కి పెట్టినట్టు ఉంటుంది. అందులోంచి చెంచాడు తీసుకొస్తే సరుకు నింపిన లారీ అంత తూగుతుంది. ఏముంటుంది అందులో? చాలావరకు బొగ్గు. మండని బొగ్గు. పాత వేడితో తెల్లగా మెరుస్తూ, యుగాల తరబడి చల్లారుతూ కూర్చుంటుంది. ఒంటరిదైతే కథ అంతే. పక్కన తోడు చుక్క ఉంటే మాత్రం..."

ఆవిడ అక్కడ ఆగింది. అక్కడ ఎప్పుడూ ఆగుతుంది. జంట చుక్కల పలక పడాలి.

ఊఁ తాత పలక పెట్టాడు. దీపం సరిచేశాడు. దారం లాగబోయాడు. చేతికి బరువు తెలియలేదు. దారం మిషను పళ్ళచక్రంలో పడి నలిగి తెగింది. తెగిన ముక్క మణికట్టు నుంచి వేలాడుతోంది.

"ఊఁ," అన్నాడు.

చీకట్లో అటువైపు నుంచి ఏమీ లేదు. పైకప్పు మీద రెండు చుక్కలు, చిన్నది తెల్లగా, పెద్దది పసుప్పచ్చగా, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. చుక్కలమ్మ వేలు చాచుకుని, దారం కదిలే దాకా ఆగాలని ఆగింది.

"ఊఁ," అన్నాడు ఇంకా గట్టిగా.

కుర్చీల్లో కదలిక మొదలైంది. "అయిపోయిందా?" అన్నారెవరో. "చెప్పే ఆవిడ కూడా నిద్రపోయినట్టుంది," అంటే చిన్నగా నవ్వు లేచింది. తెర దగ్గర మేనేజరమ్మ నిట్టూర్చటం ఊఁ తాతకి వినబడింది. లైట్లు వేసే మీట ఆయన మోచేతి పక్కనే ఉంది. వేస్తే ఆట ఆగుతుంది. ఆట ఆగితే పెట్టె వస్తుంది. ఆవిడ తెర దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. కథ చెప్పని చుక్కలమ్మని ఆయన ఊహించుకోబోయాడు. చేతకాలేదు.

చెయ్యి మీట మీదికి పోయింది. అక్కడే ఉండిపోయింది.

"ఇదిగో," అన్నాడు.

ఆయన పిలిచింది పెళ్ళాన్ని. కుర్చీల్లో ఉన్నవాళ్ళు తమనే అనుకుని తలలెత్తారు. గొంతు తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంది. ఇంక వెనక్కి తీసుకోవటానికి లేకుండా పోయింది.

"ఇదిగో. చిన్నది నివురు చుక్క. పెద్దది దాని తోడు. పెద్దది ఊరుకోదు. దాని ఒంట్లోంచి ఆవిరి లేస్తూ ఉంటుంది. నివురు చుక్క అడగదు. లాగేసుకుంటుంది. ఆవిరంతా సుడి తిరిగి వచ్చి దీని మీద పడుతుంది."

"మా తోటికోడలు కూడా అంతే," అంది చీకట్లో ఒక గొంతు. "అడగదు, లాక్కుంటుంది." అందరూ నవ్వారు. ఊఁ తాత ఆ నవ్వు పోయేదాకా ఆగాడు. తర్వాత ఏమిటో తెలుసు. ఆవిడ మాటలే. వరసగా వచ్చి నాలుక మీద నిలబడ్డాయి. అప్పుడు ఎవరో నిద్రమత్తులో ఉన్నట్టు, "ఊఁ," అన్నారు.

ఆ ఊఁ వినబడేసరికి లోపల ఏదో సడలింది.

"ఎన్ని ఏళ్ళో పడుతూనే ఉంటుంది. ఇది ఉలకదు పలకదు. పైకి చూస్తే నివురు. లోపల బరువు పెరుగుతోంది. బరువు పెరిగిన కొద్దీ ఇంకా ఇంకా బిగుసుకుంటుంది. దానికి ఒక హద్దు ఉంది. సూర్యుడికి ఒకటిన్నర అనుకోండి, అంతకు కాస్త తక్కువే. ఆ హద్దు దగ్గరికి వచ్చేసరికి లోపలి బొగ్గు కుతకుతలాడటం మొదలెడుతుంది."

"ఊఁ," అన్నారు కుర్చీల్లోంచి ఇద్దరు ముగ్గురు.

అవతల దిమ్మ మీద చుక్కలమ్మకి ఏమీ తెలియలేదు. దారం రాలేదు. బొమ్మ మాత్రం మారింది. తెల్ల చుక్క దగ్గరికి వచ్చి పెద్దదయింది. తను చెప్పకుండా బొమ్మ మారటం ఏమిటి? ముసలాయన కునుకు తీసి చెయ్యి తగిలించాడనుకుంది. దారం లాగి చూసింది. కొస వదులుగా చేతిలోకి వచ్చేసింది. దిమ్మ దిగింది. దారం పోయిన దారినే, కుర్చీల వీపులు పట్టుకుంటూ, చుక్కల వెలుతుర్లో మెల్లగా మిషను వైపు నడిచింది. నాలుగు చీవాట్లు పెడదామని ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

వీపు మోగుతోంది.

ఆవిడ చెయ్యి తియ్యలేదు. అరచెయ్యి పరిచి ఆనించింది. ఎముకల కింద ఏదో లేస్తోంది, పడుతోంది, ఆగుతోంది, మళ్ళీ లేస్తోంది. ఆ లేవటం పడటం ఎక్కడో ఎరిగినదే. కుతకుతలాడటం అనేచోట తను ఎప్పుడూ గొంతు తగ్గించి సాగదీస్తుంది. ఇక్కడా అలాగే తగ్గి సాగింది. మాటలు తనవి. గొంతు ఆయనది.

ఊఁ తాతకి వీపు మీద చెయ్యి తెలిసింది. ఎవరిదో కూడా తెలిసింది. వెనక్కి తిరిగితే మాట తెగిపోతుందేమోనని తిరగలేదు.

"పాలు కాగితే పొంగుతాయి," అన్నాడు. ఇది ఆవిడ కథలో లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది. "పొంగటం మంచిదే. పొంగితే వేడి తగ్గుతుంది. పొయ్యి ఆరుతుంది. ఇల్లు నిలుస్తుంది. మామూలు చుక్కలూ అంతే. వేడెక్కితే ఉబ్బుతాయి, ఉబ్బితే చల్లబడతాయి. నివురు చుక్క ఉబ్బలేదు. అంత బిగుసుకుపోయి ఉంది. ఎంత వేడెక్కినా ఉబ్బటం చేతకాదు. చేతకాదు కాబట్టి చల్లారదు. వేడి మంటని పెంచుతుంది, మంట వేడిని పెంచుతుంది. దానికి మాత్రం తెలుసా, తనలో ఇంత ఉందని? తెలీదు. చాలాకాలం అలా లోలోపలే ఉడుకుతుంది. పక్కనున్న చుక్కకి కూడా తెలీదు. చెప్పదు గదా."

చుక్కలమ్మ ఇంకా దగ్గరికి జరిగింది. చెవి మిషను తీసి బొడ్లో దోపుకుంది. ఒంగి, చెవి తెచ్చి ఆయన వీపుకి ఆనించింది.

"ఆఖరికి నడిమధ్య ఎక్కడో ఒక్క రవ్వ అంటుకుంటుంది. ఇంక ఆపేవాళ్ళు లేరు. ఊపిరి తీసి వదిలినంత సేపట్లో చుక్క చుక్కంతా అంటుకుంటుంది."

ఆయన దీపం మర మొత్తం తిప్పేశాడు.

పైకప్పు తెల్లగా వెలిగిపోయింది. కుర్చీలూ, సంచులూ, తెరుచుకున్న నోళ్ళూ, తెర పక్కన మేనేజరమ్మ మొహం, అన్నీ ఒక్కసారి వెన్నెట్లో కడిగినట్టు బయటపడ్డాయి. ఆ వెలుగులో, ఆయన వీపు వెనక నుంచి, చిన్నగా, కథ వినే పిల్ల అన్నట్టు వచ్చింది.

"ఊఁ."

ఊఁ తాత కళ్ళు మూసుకున్నాడు. ఆగలేదు.

"కోటానుకోట్ల చుక్కలు కలిస్తే ఎంత వెలుగో, అదొక్కటే అంత వెలుగుతుంది. అలా పేలేవన్నీ దాదాపు ఒకే వెలుగు. ఒకే రకం బల్బులు వీధిలో వరసగా పెట్టినట్టు. మసగ్గా కనిపిస్తే దూరంగా ఉందని అర్థం. వాటిని చూసే పెద్దవాళ్ళు ఆకాశానికి దూరాలు కొలుస్తారు. తర్వాత నెలల తరబడి మెల్లగా మలుగుతుంది. నివురు కూడా మిగలదు. మొత్తం చిమ్మేసుకుంటుంది."

"ఊఁ," అంది వీపు వెనక గొంతు.

"అందులో పుట్టిన ఇనుము ఆకాశమంతా చెదిరిపోతుంది. ఎప్పటికో, ఎక్కడో, ఇంకో చుక్కలోకి, ఇంకో నేలలోకి చేరుతుంది. మీ కుట్టుసూదుల్లో ఇనుము చాలామటుకు అలా వచ్చిందే. మీ రక్తంలోదీ అంతే."

ఆయన మర వెనక్కి తిప్పుకుంటూ వచ్చాడు. వెలుగు తగ్గింది. చుక్కలు మళ్ళీ కనిపించాయి.

"మరి రెండోదేమైంది తాతా?" అని అడిగింది ఇందాక తోటికోడలి మాటన్న ఆవిడ. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "దాని ఒళ్ళు దోచిపెట్టింది గదా, ఆ తోడు చుక్క. అది కూడా పోయిందా?"

చుక్కలమ్మ కథలో ఈ సంగతి ఎప్పుడూ లేదు. పేలటంతో ఆపేసేది. ఊఁ తాత గుర్తు చేసుకున్నాడు. పుస్తకంలో ఉన్నది ఆవిడే ఒకసారి అన్నం తింటూ చెప్పింది.

"చాలాసార్లు అది ఉంటుంది," అన్నాడు. "పక్కన బరువు పోయాక పట్టు తప్పి, తన దారిన తను సాగిపోతుంది. పేలినదాని మసి కాస్త ఒంటికి అంటుకుని ఉంటుంది. అది ఎంత దూరం పోయినా పోదు."

"ఊఁ," అన్నారు కుర్చీల్లో అందరూ, ఒక్కసారే.

*

లైట్లు వేశాక కుట్టుమిల్లు ఆడవాళ్ళు గోల చేయకుండా ఒక్కొక్కరే బయటికి పోయారు. పోతూ పోతూ ఒకావిడ మిషను దగ్గర ఆగి, వంగి పళ్ళచక్రంలో ఇరుక్కున్న దారం ముక్కని గోటితో తీసి, ఊఁ తాత చేతిలో పెట్టింది. "ఇది నూలుదారం తాతా. రేపు మిల్లు నుంచి గట్టిది తెచ్చిస్తాను," అంది.

మేనేజరమ్మ వచ్చింది. చుక్కలమ్మ మొహం చూసింది. తర్వాత ఆయన్ని అడిగింది. "రేపు కూడా ఇలాగే చెప్తారా తాతగారూ?"

"ఊఁ," అన్నాడాయన.

"పెట్టె ఇంకెక్కడికైనా పంపించేస్తాను," అని ఆ పిల్ల వెళ్ళిపోయింది.

బయట ఎండ ఇంకా పోలేదు. చీకట్లోంచి వచ్చిన కళ్ళకి వీధి కలలో వీధిలా ఉంది. మనుషుల అంచులన్నీ మెరుస్తున్నాయి. ఇద్దరూ బస్సాగే చోట బల్ల మీద కూర్చున్నారు. చుక్కలమ్మ అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకి అది కొత్తగా ఉంది. పక్కన ఫ్యాను ఆగిపోతే నిద్ర పట్టనట్టు ఉంది.

చివరికి ఆవిడే అంది. "రేపట్నించి పలకలు నేను పెడతాను. నీ వీపు మీద ఒక చెయ్యి, మర మీద ఒక చెయ్యి. నువ్వు ఆగినచోట మారుస్తాను. దారమూ వద్దు, ఏమీ వద్దు."

"ఊఁ."

"ఇంకాస్త సాగదియ్యాలి మరి. అంత గబగబా చెప్తే టిక్కెట్టు కొన్నవాళ్ళు ఊరుకోరు."

"ఊఁ."

"నా మాటలే కాబట్టి గుర్తుపట్టాను. కుతకుతలాడటం తెలిసింది. రవ్వ తెలిసింది. నడుమ ఒకచోట మాత్రం తెలీలేదయ్యా. చాలాసేపు చెప్పావు. అది నాది కాదు. ఏం చెప్పావక్కడ?"

ఆయన ఆవిడ మొహం కేసి తిరిగి, పెదాలు బాగా కదిలేలా చెప్పాడు. "పాలు."

"పాలా?"

"ఊఁ."

"మనవేనా? ఆ రోజు పొంగినవి?" ఆవిడ కళ్ళు చిన్నవి చేసి చూసింది. "చుక్కల కథలో మన పాలగిన్నె ఎందుకొచ్చింది?"

ఆయన చెప్పటానికి నోరు తెరిచాడు. బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు ఇద్దరి కేసి చూశాడు. చుక్కలమ్మ లేవలేదు. మొగుడి చొక్కా వెనక చెయ్యి పెట్టి, అరచెయ్యి వీపుకి ఆనించి, తల వంచింది.

"ఈసారి పొయ్యి మీద ఏమీ లేవులే," అంది. "చెప్పు."

డ్రైవరు కాసేపు చూసి తలుపు మూసుకున్నాడు. బస్సు కదిలిపోయింది. దుమ్ము లేచి, ఎండలో మెరిసి, మెల్లగా కిందికి దిగింది.

"అనగనగా," అన్నాడాయన.

"ఊఁ," అంది చుక్కలమ్మ.